బ్యాంకుకి తాళం పడితే డబ్బు ఎటు పోతుంది?



మన గోడపత్రికలో ఇదివరకు మలేరియా దోమ గురించి, అడ్డాకుల గురించి, చుక్కల గురించి వ్యాసాలు వచ్చినవి. ఈసారి నేను బ్యాంకు గురించి రాస్తున్నాను. బ్యాంకు సంగతి పెద్దవాళ్లది, మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. సంక్రాంతి సెలవులకు ముందు నేనూ అలాగే అనుకున్నాను. సెలవుల్లో ఏం జరిగిందో చదివితే ఎందుకు రాశానో మీకే తెలుస్తుంది. వ్యాసం కొంచెం పొడుగైంది. అన్నం గంట కొట్టేలోపు సగం చదివి, మిగతా సగం సాయంత్రం చదవండి.

తలుపు మీద కాగితం

మాది మారేడుమిల్లి నుంచి లోపలికి పోవలసిన కొండ ఊరు. మేము కొండరెడ్లం. పోడు పని అయిపోయాక మా అమ్మా నాన్నా కిందికి దిగి, గోదావరి ఒడ్డున ఆలమూరు దగ్గర ఇటుకబట్టీకి పోతారు. మళ్లీ వానలు పడేదాకా అక్కడే గుడిసె. నాన్న మట్టి తొక్కుతాడు, అమ్మ అచ్చులో పోసి ఇటుక కోస్తుంది. అక్కడ పని దొరికిన మొదటి ఏడాదే మేస్త్రీ తీసుకెళ్లి దగ్గర ఊళ్లో ఉన్న బ్యాంకులో అమ్మకి ఖాతా తెరిపించాడు. ఒక్క రూపాయి కూడా లేకుండా తెరవవచ్చన్న జనధన్ ఖాతా అది. ఆ పథకం 2014 ఆగస్టు 28న మొదలైంది.

2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు నా పేరు మీద అమ్మ ఖాతాలో పడ్డాయి. 15,000లో 2,000 బడి నిర్వహణకు పోగా తల్లికి 13,000. అప్పటికి అమ్మ కొండెక్కేసింది. "బ్యాంకులోనే ఉండనీ, పండక్కి కిందికెళ్లినప్పుడు తీసి రెండు మేకపిల్లల్ని కొందాం" అంది. మా అమ్మ చేతికి ఒకేసారి అంత డబ్బు ఎప్పుడూ రాలేదు. ఆరు నెలలు ఆ మేకపిల్లలకు మా తమ్ముడు పేర్లు కూడా పెట్టేశాడు.

భోగికి రెండు రోజుల ముందు, సోమవారం, నేనూ అమ్మా బ్యాంకుకి వెళ్లాం. షట్టరు దించి తాళం వేసి ఉంది. పైన బోర్డు తీసేసిన గుర్తు తెల్లగా కనబడుతోంది. షట్టరు మీద ఒక కాగితం అంటించారు. ఎండకి అక్షరాలు వెలిసిపోయినాయి.

"ఏటే, ఏం రాసుంది? సదువు" అంది అమ్మ.

నేను చదివాను. ఈ శాఖను మండపేట శాఖలో విలీనం చేయడమైనదని, ఖాతాదారులు లావాదేవీల కొరకు అక్కడ సంప్రదించగలరని ఉంది. విలీనం అన్న మాట నాకు సోషల్ పాఠంలో సంస్థానాల విలీనం దగ్గరే తెలుసు. అందుకని "కలిపేశారంట అమ్మా" అన్నాను.

అమ్మ ఆ షట్టరు వంక చూస్తూ ఉండిపోయింది. "మన డబ్బులూ కలిపేసారా?" అంది.

నాకు జవాబు తెలియదు. తొమ్మిదో తరగతి చదువుతున్నాను, వర్గమూలాలు చేస్తాను. కానీ మా అమ్మ పదమూడు వేలు ఎక్కడున్నాయో చెప్పలేకపోయాను. ఆ రోజు కలిగిన సిగ్గు వల్లే ఈ వ్యాసం రాస్తున్నాను. సెలవుల తరువాత మన సోషల్ సార్‌ని, పోస్టాఫీసు అంకుల్‌ని అడిగి తెలుసుకున్నవన్నీ ఇందులో ఉన్నవి.

శాఖ మూత పడడం అంటే ఏమిటి?

ముందు అసలు మాట చెప్పేస్తాను. శాఖ మూత పడితే డబ్బు పోదు. ఖాతా బ్యాంకుది, గది మాత్రమే ఆ ఊరిది. మన హాస్టలు గది మారితే మన పేరు హాజరు పట్టీలోంచి పోదు కదా, అలాగే.

మునుపు అమ్మ డబ్బు లెక్క ఆ శాఖలోని పెద్ద పుస్తకంలోనే ఉండేదట. ఇప్పుడు బ్యాంకు శాఖలన్నీ కంప్యూటర్లతో ఒకదానికొకటి కలిసి ఉన్నవి. అందుచేత ఒక శాఖలో ఖాతా ఉన్న మనిషి అదే బ్యాంకు వేరే శాఖకి వెళ్లి కూడా డబ్బు తీసుకోవచ్చును, వేయవచ్చును.

మరి శాఖలు ఎందుకు మూస్తారు? ఒక కారణం బ్యాంకులు ఒకదానిలో ఒకటి కలవడం. మన ఆంధ్రుల బ్యాంకు కథే చూడండి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1980 ఏప్రిల్ 15న ప్రభుత్వం దానిని జాతీయం చేసింది. 2020 ఏప్రిల్ 1న అది, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయినవి. దాదాపు 97 ఏళ్ల పేరు బోర్డుల మీద నుంచి పోయింది. పేరు పోయింది గాని అందులో దాచుకున్నవాళ్ల డబ్బు పోలేదు. లెక్కలు కొత్త బ్యాంకుకి మారినవి.

గ్రామీణ బ్యాంకులూ అంతే. గోదావరి జిల్లాల్లో ఉండిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు, ఇంకా మూడు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటైపోయి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినవి.

ఇలా రెండు బ్యాంకులు ఒకటైతే ఒకే ఊళ్లో పక్కపక్కనే రెండు శాఖలు మిగులుతాయి. అప్పుడు ఒకటి మూస్తారు. ఇంకో కారణం ఖర్చు. గది అద్దె, కరెంటు, జీతాలు, కాపలా. ఫోనుతో పని జరుపుకునేవాళ్లు పెరిగి, శాఖకి వచ్చేవాళ్లు తగ్గితే బ్యాంకు ఆ ఖర్చు దండగ అనుకుంటుంది. అమ్మ శాఖని ఏ కారణంతో మూశారో కాగితం మీద రాయలేదు. బ్యాంకు పేరు కూడా నేను రాయడంలేదు. ఏ బ్యాంకైనా ఖాతాదారుడు తెలుసుకోవలసినది ఒకటే.

దీనికి నియమాలు ఉన్నవి. 2017 మే నెలలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలలో, పల్లెటూరి శాఖను మూయాలంటే జిల్లా సంప్రదింపుల కమిటీ ఆమోదం ఉండాలని, ఖాతాదారులకు ముందుగానే తెలియజేయాలని ఉంది. కాగితం అంటించడం కూడా తెలియజేయడమే. కానీ కాగితం అంటించినప్పుడు మా అమ్మ కొండ మీద ఉంది. ఫోనుకి కబురు వచ్చి ఉంటుందేమో, అదీ అమ్మకి రాదు. ఎందుకంటే ఖాతాలో రాసి ఉన్న ఫోను నంబరు మేస్త్రీది. ఖాతా తెరిచిన రోజున మా ఇంట్లో ఫోను లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

వేలు పడలేదు

మండపేట వెళ్లాలంటే ఇద్దరికీ ఆటో డబ్బులు, పైగా ఒక పూట పని పోతుంది. పండగ ముందు చేతిలో చిల్లర లేదు. అక్కడున్న ఒకాయన "ఫలానా షాపులో వేలు పెడితే డబ్బులు ఇచ్చేస్తారు, బ్యాంకుతో పనేముంది" అన్నాడు. సరే అని వెళ్లాం.

షాపాయన ఆధార్ నంబరు అడిగాడు, బ్యాంకు పేరు అడిగాడు, ఎంత కావాలి అన్నాడు. అమ్మ రెండు వేలు అంది. చిన్న పెట్టె మీద వేలు పెట్టమన్నాడు. బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు, పడలేదు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టింది, పడలేదు. ఏళ్ల తరబడి మట్టీ ఇసకా రుద్ది రుద్ది అమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయినాయి. నా వేలూ అమ్మ వేలూ పక్కపక్కన పెట్టి చూశాను. నా వేలి మీద సన్నగా చుట్లు కనిపిస్తున్నాయి. అమ్మ వేలు రాయిలా నున్నగా ఉంది.

ఇక్కడ నాకొక సంగతి గుర్తుకొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో అమ్మకి సంతకం నేర్పించాను. బట్టీ దగ్గర ఆరబెట్టిన ఇసక మీద పుల్లతో రాయించాను. నెల పట్టింది. ఆ బ్యాంకులోనే అమ్మ మొదటిసారి వేలిముద్ర బదులు సంతకం పెట్టింది. కౌంటరులో మేడంగారు నవ్వి "బాగుందమ్మా" అన్నారట. అమ్మ ఆ మాట ఊరంతా చెప్పింది. అంత కష్టపడి వేలిముద్ర మానిపిస్తే, ఇప్పుడు ఈ పెట్టెకు సంతకం అక్కర్లేదు, వేలే కావాలి. ఆ వేలేమో అరిగిపోయింది.

చివరకు ఉంగరం వేలు పడింది. ఆయన పందొమ్మిది వందలు చేతిలో పెట్టాడు. "వంద ఖర్చులు" అన్నాడు. చీటీ ఇవ్వండి అని అడిగాను. కాగితం అయిపోయింది అన్నాడు. అయితే తెర చూపించండి అన్నాను. నా గొంతు వణికింది, అయినా అడిగాను. ఆయన విసుక్కుని ఫోను తిప్పి చూపించాడు. తీసినది 2,000. మిగిలినది పదకొండు వేల మూడు వందల పైచిలుకు.

బయటికి వచ్చాక అమ్మకి లెక్క చెప్పాను. ఆయన మనకి వంద తక్కువ ఇచ్చాడని కోపంగా అన్నాను. అమ్మకి కోపం రాలేదు. "వంద పోతే పోయింది. మిగతావి ఉన్నాయని తెలిసింది గదా" అంది. ఆ తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొంచెం దూరం నడిచాక "నువ్వు లేకపోతే ఎంతుందో అతను చెప్పిందే నమ్మేదాన్ని" అంది.

బ్యాంకు లేనిచోట ఉన్న దారులు

ఇప్పుడు ఏయే దారులు ఉన్నవో, ఒక్కొక్క దారిలో మంచి ఏమిటో, జాగ్రత్త ఏమిటో వరుసగా రాస్తున్నాను.

1. అదే బ్యాంకు వేరే శాఖ. ఇది అన్నిటికన్నా భద్రమైన దారి. పాస్‌బుక్కు, ఆధార్ తీసుకుని వెళ్లాలి. సంతకం చాలు, వేలు పడనక్కర్లేదు. రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారం బ్యాంకులు ఉండవు. ఇది తెలియక ఆటో డబ్బులు తగలేసుకున్నవాళ్లు మా బట్టీలోనే ఉన్నారు.

2. బ్యాంకు మిత్ర. శాఖలు లేని ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసే మనిషిని పెట్టుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2006లో అనుమతి ఇచ్చింది. వీరిని బ్యాంకు మిత్ర అంటారు. డ్వాక్రా అక్కలు చేస్తే బ్యాంకు సఖి అని కూడా అంటారు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడింటితో డబ్బు తీయవచ్చు, వేయవచ్చు, ఎంత ఉందో చూడవచ్చు. ఒకసారికి పదివేల దాకా తీయవచ్చు.

జాగ్రత్తలు: బ్యాంకు మిత్ర తనంతట తాను మన దగ్గర రుసుము తీసుకోకూడదు. వారికి కమిషన్ బ్యాంకే ఇస్తుంది. ఈ నియమం ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఆ వంద అడిగేదాన్ని. రెండోది, వేలు పెట్టే ముందు తెర మీద ఎంత అంకె వేశారో చూడాలి. ఒక్కొక్కసారి వేలు పెట్టడం ఒక్కొక్కసారి సంతకం పెట్టినట్టే. "పడలేదు, మళ్లీ పెట్టు" అన్నప్పుడు నిజంగా పడలేదా అని తెర చూడాలి. మూడోది, చీటీ అడగాలి. చీటీ లేకపోతే తేదీ, అంకె మనమే నోటుపుస్తకంలో రాసుకోవాలి. డబ్బు చేతికి రాకుండా ఖాతాలో తగ్గినట్టు ఉంటే భయపడక్కర్లేదు. అయిదు రోజుల్లోపల తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది.

3. పోస్టాఫీసు. ఇది మనలాంటి కొండ ఊళ్లవాళ్లకి బాగా అక్కరకు వచ్చే దారి. దేశంలో లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులున్నవి, వాటిలో ఎక్కువ భాగం పల్లెల్లోనే. పోస్టాఫీసు పొదుపు ఖాతాకి 500 రూపాయలు ఉంటే చాలు. నెలనెలా 100 రూపాయలు కట్టే రికరింగ్ డిపాజిట్ కూడా ఉంది. ఇవి కాక 2018 సెప్టెంబరు 1న పోస్టు పేమెంట్స్ బ్యాంకు వచ్చింది. అప్పటి నుంచి పోస్టుమ్యాన్ దగ్గర కూడా వేలిముద్ర పెట్టె ఉంటోంది. మన ఖాతా వేరే బ్యాంకులో ఉన్నా సరే, పోస్టుమ్యాన్ దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకోవచ్చు. ఇంటికి వచ్చి చేసే కొన్ని పనులకు చిన్న రుసుము ఉంటుంది, ముందే అడగాలి. పేమెంట్స్ బ్యాంకు అప్పులు ఇవ్వదు. ఆ ఖాతాలో 2 లక్షల కన్నా ఎక్కువ ఉంచుకోరాదు. మనకి ఆ బాధ ఎలాగూ లేదు!

4. ఏటీఎం కార్డు. జనధన్ ఖాతాకి రూపే కార్డు ఇస్తారు. అమ్మ కార్డు ట్రంకుపెట్టె అడుగున కవరు విప్పకుండానే ఉంది! నాలుగంకెల పిన్ను తెలిస్తే ఏ బ్యాంకు ఏటీఎంలోనైనా తీయవచ్చు. వేళ్లు అరిగినవాళ్లకి ఇది మంచి దారి. కానీ మిషను దగ్గర నిలబడ్డ కొత్తవాళ్లకి కార్డు ఇచ్చి "తీసి పెట్టండి" అనకూడదు. పిన్ను కార్డు మీదే రాసిపెట్టకూడదు. నెలలో కొన్నిసార్లు తీయడమే ఉచితం, ఆ పైన రుసుము పడుతుంది. కాబట్టి వందా రెండొందలకి మాటిమాటికీ వెళ్లకూడదు.

5. ఫోను. యూపీఐ 2016లో వచ్చింది. ఆలమూరు సంతలో కూరగాయల దగ్గర కూడా ఆ గళ్ల బొమ్మ అట్ట చూశాను. బటన్ల ఫోను ఉన్నవాళ్లకి కూడా 2022లో ఒక పద్ధతి వచ్చింది. మా ఊళ్లో అయితే సిగ్నలు కోసం చింతచెట్టు దాకా ఎక్కాలి. ఫోను దారిలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒక్కటే: డబ్బు పంపడానికే పిన్ను కావాలి, డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. "మీకు డబ్బు వచ్చింది, పిన్ను కొట్టండి" అని ఎవరన్నా అంటే అది మోసం. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

6. డ్వాక్రా సంఘం. ఇది బ్యాంకు కాదు. కానీ నెలనెలా పొదుపు చేసుకోవడానికి, అవసరానికి అప్పు తీసుకోవడానికి ఇదే మన అమ్మలకు తెలిసిన దారి. అయితే సంఘం డబ్బు కూడా చివరికి బ్యాంకులోనే ఉంటుంది. శాఖ దూరమైతే సంఘం లీడరుకీ దూరమే.

ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లండులో కూడా ఊళ్లలో బ్యాంకు శాఖలు చాలా మూత పడుతుంటే, 2021 నుంచి వేర్వేరు బ్యాంకులవాళ్లు కలిసి ఒకే గదిలో పనిచేసే కేంద్రాలు పెట్టడం మొదలుపెట్టారట. ఆఫ్రికాలోని కెన్యాలో బ్యాంకు గడప తొక్కనివాళ్లు కూడా 2007 నుంచి మామూలు ఫోనులో, ఊళ్లోని చిన్న దుకాణాల ద్వారా డబ్బు పంపుకుంటున్నారని సార్ చెప్పారు.

మండపేటలో

పండగ వెళ్లిన శనివారం, మూడో శనివారం కాబట్టి బ్యాంకు ఉంటుందని లెక్కపెట్టుకుని, నేనూ అమ్మా మండపేట వెళ్లాం. పెద్ద బ్యాంకు, చాలా మంది ఉన్నారు. అమ్మ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పబోయింది. నేను వద్దన్నాను.

పాస్‌బుక్కు మిషనులో పెట్టి అచ్చు వేయించాం. అందులో వరుసలన్నీ అక్కడే నిలబడి అమ్మకి చదివి వినిపించాను. జూన్‌లో 13,000 పడింది. ఒకచోట 20 రూపాయలు తగ్గింది. అదేమిటని అడిగితే, అది ప్రధానమంత్రి సురక్ష బీమా, ఏడాదికి 20, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకి 2 లక్షలు వస్తాయి అని చెప్పారు. ఆ బీమా ఉన్నట్టు మాకు అప్పటిదాకా తెలియదు. ఇంకా రెండు మూడుచోట్ల చిన్న చిన్న అంకెలు పెరిగినవి. "మనం ఎయ్యకుండా ఎవరేసారు?" అంది అమ్మ. అది వడ్డీ అని చెప్పాను. అమ్మకి వడ్డీ అంటే మనం కట్టేదే గాని మనకి వచ్చేది అని తెలియదు. మళ్లీ మళ్లీ చదివించుకుంది.

ఆ తరువాత మూడు పనులు చేశాం. మేస్త్రీ నంబరు తీసేయించి నాన్న నంబరు రాయించాం. ఆధార్ నకలు, ఫోటో ఇచ్చి కేవైసీ చేయించాం. కొత్త శాఖ ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు పాస్‌బుక్కు మీద రాయించుకున్నాం. ఈ కోడులో 11 గుర్తులుంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, అయిదోది సున్న, చివరి ఆరు శాఖవి. శాఖ మారితే ఈ కోడు మారవచ్చు. ఆంధ్రా బ్యాంకు కలిసిపోయినప్పుడు పాత కోడులు 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లకుండా పోయినవి. పాత కోడు పట్టుకుని డబ్బు పంపితే అందదు.

డబ్బు తీసే కాగితం మీద అమ్మ సంతకం పెట్టింది. వెనకాల వరుసలోవాళ్లు తొందర పెడుతున్నారు. అమ్మ తొందరపడలేదు. ఒక్కొక్క అక్షరం నిదానంగా రాసింది. కౌంటరులో సార్ పాత సంతకంతో పోల్చి చూసి డబ్బు ఇచ్చేశారు.

మరి బాధ ఎందుకు?

ఇన్ని దారులు ఉన్నప్పుడు శాఖ మూత పడితే ఏమైంది అని మీరు అడగవచ్చు. నేను ఆలోచించినది రాస్తాను.

నడిచి వెళ్లే చోటు పోయింది. ఒక పూట పని పోతుంది. కానీ దానికన్నా పెద్దది, అడిగే చోటు పోయింది. చదువు రానివాళ్లు బ్యాంకులోకి వెళ్లి "నా డబ్బు ఎంతుంది బాబూ" అని అడగవచ్చు. కాగితం నింపి పెట్టేవాళ్లు ఉంటారు. తప్పు జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసు. షాపులో, ఫోనులో, మిషనులో అలా కాదు. అంకె చదవగలిగినవాడికి అవి దగ్గర దారులే. చదవలేనివాళ్లు మాత్రం ఎదుటివాడు చెప్పిన మాట నమ్మాలి. మా బట్టీలో పెద్దవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు.

అందుకే నాకు అనిపించింది, బ్యాంకు శాఖ దూరమైన ప్రతి ఇంట్లో ఒక్కరన్నా చీటీ చదవగలవాళ్లు ఉండాలి. మన ఇళ్లలో ఆ ఒక్కరు ఎవరు? మనమే.

మనం చేయవలసినవి

ఒకటి. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మా నాన్నల పాస్‌బుక్కు తీసి చదవండి. చివరిసారి ఎప్పుడు అచ్చు వేయించారో చూడండి. ఖాతాలో ఎవరి ఫోను నంబరు ఉందో అడగండి.

రెండు. ప్రభుత్వ పథకం డబ్బు ఆధార్‌కి ఏ ఖాతా జోడించి ఉందో ఆ ఖాతాలోకే పోతుంది. రెండు మూడు ఖాతాలు ఉన్నవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. లేకపోతే ఒక బ్యాంకులో డబ్బు పడితే ఇంకో బ్యాంకు చుట్టూ తిరుగుతారు.

మూడు. రెండేళ్లపాటు మనం ఏమీ వేయక తీయక ఉంటే ఖాతా నిద్రలోకి పోతుంది. మళ్లీ లేపడానికి రుసుము తీసుకోకూడదు. పదేళ్లు అలాగే ఉంటే ఆ డబ్బును రిజర్వు బ్యాంకు దగ్గరి నిధికి పంపుతారు. అప్పుడు కూడా మనం గాని మన వారసులు గాని బ్యాంకుని అడిగి తీసుకోవచ్చు. చనిపోయిన తాతల పాస్‌బుక్కులు ఇంట్లో ఉంటే పారేయకండి.

నాలుగు. బ్యాంకే దివాలా తీస్తే అన్న భయం కొందరికి ఉంది. ఒక్కొక్కరికి 5 లక్షల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరిలో ఇది లక్ష నుంచి 5 లక్షలకు పెరిగింది.

అయిదు. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెలరోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి చెప్పుకోవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు.

ఆరు. పదిహేనేళ్లు నిండినవాళ్లు ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా వేయించుకోవాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్యలో ఇది ఉచితం. తొమ్మిది, పది తరగతుల్లో ఆ వయసు నిండిన అక్కలందరికీ ఇది వర్తిస్తుంది.

ఏడు. పదేళ్లు దాటినవాళ్లు తమ పేరు మీద తామే ఖాతా తెరిచి నడుపుకోవచ్చును. అంటే ఆరో తరగతి నుంచి మనమందరమూ!

వార్డెన్ మేడంగారికి ఒక విన్నపము. వేసవి సెలవులు ఇచ్చే ముందు ఒక ఆదివారం కాకుండా పనిరోజున పోస్టాఫీసువారిని మన హాస్టలుకి పిలిపించి, కావలసినవారికి ఖాతాలు తెరిపించగలరని కోరుతున్నాను. అదే రోజున పాత పాస్‌బుక్కు ఒకటి నల్లబల్ల మీద పెద్దదిగా గీసి, చదవడం అందరికీ నేర్పిస్తే బాగుంటుంది. గీసే పని నేను చేస్తాను.

ఇక మేకపిల్లల సంగతి. మండపేట నుంచి వచ్చాక అమ్మ ఒక్కటే కొంది. ఒకటే ఎందుకని తమ్ముడు అలిగాడు. "రెండోదాని డబ్బులు బ్యాంకులోనే ఉండనీ, దానికి వడ్డీ వస్తాది" అంది అమ్మ. ఇప్పుడు పాస్‌బుక్కు ట్రంకుపెట్టె అడుగున లేదు, పైనే ఉంది. వేసవికి నేను వెళ్లగానే మళ్లీ మండపేట పోవాలట. ఈసారి చీటీ అమ్మ చదువుతుందట, తప్పులుంటే నేను చెప్పాలట. అంకెలు నేర్చుకుంటోంది. తొమ్మిదికీ ఆరుకీ ఇంకా తికమక పడుతోంది.

తప్పులుంటే క్షమించగలరు. ప్రశ్నలుంటే నన్ను అడగండి. నాకు తెలియకపోతే సార్‌ని అడిగి చెబుతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని